ఆ గిటార్ ఎవరిది? లివింగ్ కలర్ కథ

డబ్ల్యూడబ్ల్యూఈ చూసేవాళ్ళకి సీఎం పంక్ తెలుసు. 2011 నుంచి అతను రింగ్‌లోకి నడిచొచ్చేటప్పుడు మోగిన పాట కూడా తెలుసు. జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆడినవాళ్ళు అదే పాటని గేమ్‌లో కారు రేడియోలో విని ఉంటారు. గిటార్ మొదలవగానే ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరు పాడారో తెలియకుండా వింటే, ఎవరో జుట్టు పెంచుకున్న తెల్ల కుర్రాళ్ళ బ్యాండ్ అనుకుంటాం. పాడింది న్యూయార్క్‌కి చెందిన నలుగురు నల్లవాళ్ళు. బ్యాండ్ పేరు లివింగ్ కలర్. పాట పేరు 'కల్ట్ ఆఫ్ పర్సనాలిటీ'. సంవత్సరం 1988.

మరి రాక్ అనగానే, మెటల్ అనగానే మన కళ్ళ ముందు తెల్ల మొహమే ఎందుకొస్తుంది? ఆ బొమ్మ మన బుర్రలో ఎవరు పెట్టారు? మిత్రులారా, ఈసారి చెప్పుకోబోయేది ఆ ప్రశ్న గురించే. తాతలు కట్టిన ఇంటికి మనవళ్ళు వెళ్తే, గుమ్మం దగ్గర ఆపి "మీకిక్కడేం పని" అని అడిగిన కథ ఇది. ఆ మనవళ్ళు ఏం చేశారన్నది మనకి కావాల్సిన చరిత్ర.

కాస్త వెనక్కి వెళ్దాం. 1920లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని 'క్రేజీ బ్లూస్' అనే పాట రికార్డు చేసింది. విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లవాళ్ళు కూడా డబ్బు పెట్టి రికార్డులు కొంటారని కంపెనీలకి అప్పుడు అర్థమైంది. వెంటనే ఏం చేశారు? నల్లవాళ్ళ పాటలకి విడిగా ఒక అర కట్టారు. దానికి 'రేస్ రికార్డ్స్' అని పేరు పెట్టారు. పల్లెటూరి తెల్లవాళ్ళ పాటలకి 'హిల్‌బిల్లీ' అని ఇంకో అర. పక్కపక్క పొలాల్లో పనిచేస్తూ, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని, ఒకే రకం గిటార్ మీద వాయించిన పాటల్ని చర్మం రంగు చూసి రెండు అరల్లో సర్దారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక 'రేస్ రికార్డ్స్' అన్న పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది. పేరు మారింది. అర మారలేదు.

ఆ అరలోంచే రాక్ పుట్టింది. ఆర్కాన్సా రాష్ట్రంలో 1915లో పుట్టిన సిస్టర్ రోజెట్టా థార్ప్ ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని చర్చి పాటలు పాడింది. ఆమె గిటార్ వాయించే తీరు విన్నవాళ్ళకి రాక్ ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పక్కర్లేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెకి చోటిచ్చింది 2018లో. అప్పటికి ఆమె చనిపోయి 45 ఏళ్ళు. ఆర్థర్ క్రూడప్ 1946లో రికార్డు చేసిన పాటతోనే 1954లో ఎల్విస్ ప్రెస్లీ తన మొదటి సింగిల్ విడుదల చేశాడు. ఎల్విస్ రాజయ్యాడు. క్రూడప్‌కి దక్కాల్సిన రాయల్టీల్లో చాలా భాగం బతికుండగా దక్కలేదు. లిటిల్ రిచర్డ్ 'టుట్టీ ఫ్రుట్టీ' పాడితే, అదే పాటని పాట్ బూన్ అనే తెల్ల గాయకుడు చప్పగా పాడి పాప్ చార్టులో అతని కంటే పైకెళ్ళాడు.

1960లకి వచ్చేసరికి ఇంగ్లండ్ కుర్రాళ్ళు ఈ బ్లూస్ రికార్డులు తెప్పించుకుని, విని, వాయించి, పెద్ద పెద్ద యాంప్లిఫయర్లు పెట్టి శబ్దం పెంచారు. అక్కడి నుంచి హార్డ్ రాక్, ఆ తర్వాత హెవీ మెటల్ వచ్చాయి. ఆ కుర్రాళ్ళకి బ్లూస్ మీద ప్రేమ లేదని నేననను. చాలామందికి ఉంది. కానీ ప్రేమ వేరు, లెక్క వేరు. లెడ్ జెప్పెలిన్ పేరుపొందిన పాటల్లో ఒకదాని మీద బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ కోర్టుకెక్కాడు. 1987లో కోర్టు బయట రాజీ కుదిరింది. పాట వచ్చిన 18 ఏళ్ళకి.

ఈలోగా మధ్యలో జిమీ హెండ్రిక్స్ వచ్చాడు. ఎలక్ట్రిక్ గిటార్ ఏమేం చేయగలదో ప్రపంచానికి చూపించి, 1970లో 27 ఏళ్ళకే చనిపోయాడు. అతన్ని అందరూ దేవుడన్నారు. అతని వెనక నల్లజాతి రాక్ వాళ్ళెవరూ రాలేదన్నట్టు తలుపు మూశారు. 1970ల చివరికి అమెరికాలో రాక్ రేడియో దాదాపు పూర్తిగా తెల్లవాళ్ళది. 1981లో ఎంటీవీ మొదలైంది. నల్లవాళ్ళ వీడియోలు ఎందుకు వేయరని 1983లో డేవిడ్ బౌవీ ఎంటీవీ ఇంటర్వ్యూలో కూర్చుని వాళ్ళనే నిలదీశాడు. అంత బాహాటంగా ఉండేది వ్యవహారం.

ఇప్పుడు మన కథానాయకుడు. వెర్నన్ రీడ్. 1958లో లండన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు కరీబియన్ నుంచి వచ్చినవాళ్ళు. పెరిగింది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో. రొనాల్డ్ షానన్ జాక్సన్ అనే జాజ్ డ్రమ్మర్ నడిపిన 'డీకోడింగ్ సొసైటీ' అనే బృందంలో గిటార్ వాయించి ముదిరాడు. ఆ బృందం ఆర్నెట్ కోల్మన్ దారిలోది. అందులో ఒకడు ముందు నిలబడి మిగతావాళ్ళు తాళం వేసే పద్ధతి ఉండదు. డ్రమ్ము, బేస్, గిటార్, శాక్సఫోన్ అన్నీ ఏకకాలంలో తమ తమ బాణీ చెప్పుకుంటూ పోతాయి. వినడానికి మొదట గందరగోళం. వినగా వినగా అది ఒక ఊరి సంత అని తెలుస్తుంది. రీడ్ గిటార్‌కి ఆ సంత అలవాటు.

1984లో అతను సొంత బ్యాండ్ మొదలుపెట్టాడు. పేరు లివింగ్ కలర్. రంగుల టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఎన్‌బీసీ ఛానెల్ కార్యక్రమాల ముందు ఈ మాట చెప్పేది: సజీవమైన రంగుల్లో చూపిస్తున్నాం అని. ఏ టీవీ అయితే తమ రంగుని దూరం పెట్టిందో ఆ టీవీ మాటనే పేరుగా పెట్టుకున్నారు. మనుషులు మారుతూ మారుతూ చివరికి నలుగురు కుదిరారు. గాయకుడు కోరీ గ్లోవర్, చర్చి పాట, సోల్ పాట కలిసిన గొంతు. 1986లో వచ్చిన 'ప్లటూన్' సినిమాలో సైనికుడిగా నటించింది ఇతనే. బేస్ గిటార్ మజ్ స్కిలింగ్స్. డ్రమ్స్ విల్ కాల్హూన్, బాస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదువుకున్నవాడు.

వాయించడంలో తిరుగులేదు. కానీ రికార్డు కంపెనీ దొరకలేదు. ఎందుకు? రాక్ రేడియోవాళ్ళకి మొహాలు నచ్చలేదు. నల్లజాతి రేడియోవాళ్ళకి గిటార్ నచ్చలేదు. ఇదెక్కడి తెల్లవాళ్ళ మోత అన్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కంపెనీలు కట్టిన అరలో అరవై ఏళ్ళు ఉన్న తర్వాత, ఆ అరే తమ హద్దు అని లోపలివాళ్ళు కూడా నమ్మారు. తమ తాతల గిటార్‌ని తామే పరాయిదన్నారు. బయటివాడు లాక్కోవడం ఒక దెబ్బ. మనది మనది కాదని మన నోటితోనే అనిపించడం దానికంటే పెద్ద దెబ్బ.

అప్పుడు రీడ్ చేసిన పని నాకు అతని సోలోలన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది. 1985లో, విలేజ్ వాయిస్ పత్రికలో రాసే విమర్శకుడు గ్రెగ్ టేట్, నిర్మాత కోండా మేసన్‌లతో కలిసి న్యూయార్క్‌లో ఒక సంఘం పెట్టాడు. పేరు బ్లాక్ రాక్ కొయలిషన్. ఇలా తిరస్కారాలు తిన్న సంగీతకారులు, రచయితలు ఒకచోట కూర్చున్నారు. ఎవరి కథ వాళ్ళు చెప్పుకున్నారు. అందరి కథా ఒకటేనని తేలింది. ఒక్కొక్కరికి విడిగా జరిగినప్పుడు అది 'నీకు టాలెంట్ చాలదేమో' అన్న అనుమానం. పదిమందికి ఒకేలా జరిగిందని తెలిసినప్పుడు అది వ్యవస్థ.

వాళ్ళొక ప్రణాళిక రాసుకున్నారు. సారాంశం చెప్తాను. రాక్ అండ్ రోల్ నల్లజాతి సంగీతం, మేం దాని వారసులం. నల్లజాతి కళాకారుడు ఏం వాయించాలో నిర్ణయించే హక్కు కంపెనీకి లేదు. తెల్ల కళాకారుడికి ఉన్న స్వేచ్ఛ, రాబడి మాకూ ఉండాలి. గమనించండి, అందులో మమ్మల్ని కూడా రానివ్వండి అన్న బతిమాలుడు ఎక్కడా లేదు. వారసత్వం అడిగారు. సొంతంగా కచేరీలు పెట్టుకున్నారు, ఒకరి కచేరీకి ఒకరు వెళ్ళారు, వ్యాసాలు రాశారు. లివింగ్ కలర్ మొదటి ఆల్బమ్ రావడానికి మూడేళ్ళ ముందే సంఘం ఉంది.

ఆల్బమ్ ఎలా వచ్చిందన్నది చేదు ముక్క. న్యూయార్క్‌లోని సీబీజీబీ క్లబ్బులో వీళ్ళ కచేరీని రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ చూశాడు. నచ్చింది. దగ్గరుండి రెండు పాటలు రికార్డు చేయించాడు. దాంతో తలుపు తెరుచుకుంది, ఎపిక్ కంపెనీ ఒప్పందం చేసుకుంది. రోలింగ్ స్టోన్స్ అన్న పేరు ఎక్కడిదో తెలుసా? మడ్డీ వాటర్స్ అనే నల్లజాతి బ్లూస్ మహానుభావుడి పాట పేరు. ఆయన పాట పేరు పెట్టుకుని కోటీశ్వరులైన బ్యాండ్ నుంచి ఒకరు వచ్చి హామీ ఇస్తే తప్ప, ఆయన మనవళ్ళ లాంటివాళ్ళని కంపెనీ నమ్మలేదు. జాగర్ చేసింది మంచి పనే. ఆ పని అవసరమవడమే జబ్బు.

1988 మేలో 'వివిడ్' ఆల్బమ్ వచ్చింది. మొదట్లో చప్పుడు లేదు. తర్వాత 'కల్ట్ ఆఫ్ పర్సనాలిటీ' వీడియోని ఎంటీవీ పదేపదే వేసింది. 1989లో ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాబితాలో 6వ స్థానానికి, పాట 13వ స్థానానికి చేరాయి. అమెరికాలోనే 20 లక్షల కాపీలు పైన వెళ్ళాయి. 1990లో గ్రామీవాళ్ళు హార్డ్ రాక్‌కి విడిగా అవార్డు పెట్టిన మొదటి ఏడాదే అది ఈ నల్లవాళ్ళకి వచ్చింది. మరుసటి ఏడాది రెండో ఆల్బమ్‌కి మళ్ళీ వీళ్ళకే వచ్చింది.

ఆ శబ్దంలో ఏముంది? రిఫ్ అంటే పాట పొడుగునా తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క. 'కల్ట్' రిఫ్ మెటల్ రిఫ్, బరువైనది. కానీ దాని కింద డ్రమ్ము, బేస్ నడక చూడండి, ఫంక్ నడక. కాలు దానంతటదే ఆడుతుంది. సోలో వచ్చేసరికి రీడ్ మెట్లెక్కినట్టు పద్ధతిగా ఎక్కడు. కట్టు తెంచుకున్న ఎద్దులా పోతాడు. అది జాజ్ సంత నుంచి తెచ్చిన చదువు. గ్లోవర్ అరవడు, చర్చిలో బోధకుడు జనాన్ని లేపినట్టు పాడతాడు. 'ఫన్నీ వైబ్' పాట త్రాష్ మెటల్ వేగంతో మొదలై ఫంక్‌లోకి దిగుతుంది, పబ్లిక్ ఎనిమీ ర్యాపర్లు మధ్యలో వస్తారు. నల్లవాడు ఎదురొస్తే బ్యాగు గట్టిగా పట్టుకునే మనుషుల గురించి ఆ పాట. 'ఓపెన్ లెటర్ టు ఎ ల్యాండ్‌లార్డ్' మెల్లగా, దుఃఖంగా మొదలై బరువెక్కుతుంది. కవయిత్రి ట్రేసీ మోరిస్ దాని రచనలో పాలుపంచుకుంది. పేదల బస్తీని ఖాళీ చేయించి పెద్ద భవనాలు కట్టేవాళ్ళకి రాసిన ఉత్తరం అది.

ఇక్కడ ఒక పోలిక. 1985లోనే, కాల్హూన్ చదివిన ఆ బర్క్‌లీ కళాశాలలోనే, ముగ్గురు కుర్రాళ్ళు ఇంకో బ్యాండ్ మొదలుపెట్టారు. అది తర్వాత డ్రీమ్ థియేటర్ అయింది. తాళాలు మారుస్తూ, కష్టమైన వాద్య నైపుణ్యం చూపిస్తూ, మెటల్‌లోకి వేరే సంగీతాల్ని కలిపే పద్ధతికి ప్రోగ్రెసివ్ మెటల్ అని పేరు. ఆ మాట అనగానే చెప్పే మొదటి పేర్లలో డ్రీమ్ థియేటర్ ఒకటి. వాళ్ళు దానికి అర్హులే, అందులో తగువు లేదు. నా తగువు వేరే. జాజ్‌ని, ఫంక్‌ని, ఆఫ్రికన్ గిటార్‌ని, ర్యాప్‌ని మెటల్‌లో కలిపిన లివింగ్ కలర్‌ని ఎక్కువగా ఏమన్నారు? ఫంక్ మెటల్. బ్లాక్ రాక్. యూరప్ వైపు చూస్తే ప్రగతి, ఆఫ్రికా వైపు చూస్తే ఒక ప్రత్యేక అర. మళ్ళీ అదే అర.

మనకి ఇది కొత్తేం కాదు. వాడు రాస్తే కవి, మనం రాస్తే దళిత కవి. కానీ ఇందులో ఇంకో మలుపుంది, అది మర్చిపోకూడదు. 'బ్లాక్', 'రాక్' అన్న రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి సంఘానికి పేరుగా ఎత్తుకుంది కూడా వాళ్ళే. కంపెనీ ఆ మాటని అరగా వాడింది, వాళ్ళు జెండాగా వాడారు. మాట ఒకటే అయినా, ఎవరి చేతిలో ఉందన్నది చూడాలి.

ఇప్పుడు ఆ పాట లోపలికి వెళ్దాం. 'కల్ట్ ఆఫ్ పర్సనాలిటీ' అంటే వ్యక్తిపూజ. 1956లో స్టాలిన్ మీద క్రుశ్చేవ్ చేసిన ప్రసంగంతో ఈ మాట ప్రపంచమంతా పాకింది. పాటలో ముస్సోలినీ, కెన్నెడీ, స్టాలిన్, గాంధీ పేర్లు వస్తాయి. అందరూ ఒకే వరుసలో. కెన్నెడీ, ముస్సోలినీ ఒకటేనా అని అడిగితే పాట నవ్వుతుంది. మంచివాడెవడు చెడ్డవాడెవడు అన్న పంచాయితీ దానికి అక్కర్లేదు. జనం తమ తెలివిని తీసుకెళ్ళి ఒక మనిషి చేతిలో పెట్టేసే యంత్రం ఎలా నడుస్తుందో చూపించడమే దాని పని. ఇంకో విషయం. పాట మొదలయ్యేది మాల్కం ఎక్స్ గొంతుతో. 1963లో డెట్రాయిట్‌లో చేసిన ప్రసంగంలోంచి తీసుకున్న ముక్క అది. పరాయివాళ్ళ నాయకుల్ని తిట్టి, తమ నాయకుడి దగ్గరికి వచ్చేసరికి దణ్ణం పెట్టే దారి వాళ్ళకి తేలిక. వాళ్ళు తమ ఇంటి గొంతుతోనే ఈ పాట మొదలుపెట్టారు.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఇదే చెప్పారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చేమో గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అని. ఫ్లెక్సీల కాలంలో బతుకుతున్న మన కార్యకర్తలు, ముఖ్యంగా విద్యార్థి సంఘాల తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ పాట పెట్టుకుని ఆ ప్రసంగం చదవండి. రెండూ ఒకదానికొకటి బాగా వివరణ ఇస్తాయి.

పేరొచ్చాక వీళ్ళు నోరు కట్టేసుకోలేదు. 1989 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ కొలీజియంలో రోలింగ్ స్టోన్స్ కచేరీలు. ముందు వాయించే బ్యాండ్లు రెండు: లివింగ్ కలర్, గన్స్ ఎన్ రోజెస్. ఈ రెండో బ్యాండ్ అంతకు ఏడాది ముందు ఒక పాటలో నల్లవాళ్ళని, వలస వచ్చినవాళ్ళని, స్వలింగ సంపర్కుల్ని బూతు మాటలతో తిట్టింది. వేల మంది ముందు, అదే వేదిక మీద నిలబడి, వెర్నన్ రీడ్ దాన్ని ఖండించాడు. మీకు మా మీద ద్వేషం లేకపోతే ఆ మాటలు వాడకండి అన్నది అతని మాట సారం. తన జాతిని తిట్టిన మాట దగ్గరే ఆగలేదు, స్వలింగ సంపర్కుల్ని తిట్టిన మాటనీ కలిపి అడిగాడు. అది నేర్చుకోవాల్సిన పద్ధతి.

1990లో రెండో ఆల్బమ్ 'టైమ్స్ అప్'. ఇది మొదటిదానికంటే గట్టిది, చిక్కనిది. మొదటి పాట బ్యాడ్ బ్రెయిన్స్ అనే నల్లజాతి హార్డ్‌కోర్ బ్యాండ్ వేగాన్ని గుర్తుచేస్తుంది. 'సొలేస్ ఆఫ్ యూ'లో ఆఫ్రికన్ గిటార్ పలుకుతుంది. 'ఎల్విస్ ఈజ్ డెడ్' పాటలో సాక్షాత్తూ లిటిల్ రిచర్డ్ వచ్చి గొంతు కలిపాడు. రాజు చనిపోయాడు అని పాడుతున్న పాటలో, ఆ రాజ్యం కట్టినవాళ్ళలో ఒకరు బతికుండగానే వచ్చి నిలబడ్డారు. చరిత్ర పాఠం ఇంతకంటే సూటిగా చెప్పలేం.

1992లో స్కిలింగ్స్ వెళ్ళిపోయాడు. డగ్ విమ్‌బిష్ వచ్చాడు. తొలినాటి ర్యాప్ రికార్డులు తీసిన షుగర్‌హిల్ కంపెనీలో బేస్ వాయించినవాడు. 1993లో వచ్చిన 'స్టెయిన్' చీకటి ఆల్బమ్. అందులో 'ఔస్‌లాండర్' అనే పాట ఉంది. జర్మన్‌లో ఆ మాటకి పరదేశి అని అర్థం. మార్కెట్ అప్పటికి గ్రంజ్ వైపు తిరిగింది. లోపల అలసట. 1995లో బ్యాండ్ విడిపోయింది. 2000 డిసెంబరులో ఆ సీబీజీబీ క్లబ్బులోనే మళ్ళీ కలిశారు. 2003లో, 2009లో ఆల్బమ్‌లు తెచ్చారు. 2017లో 'షేడ్' వచ్చింది. దాని విత్తనం 2012లో హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో పడింది. బ్లూస్ పితామహుల్లో ఒకడైన రాబర్ట్ జాన్సన్ శతజయంతి కచేరీలో ఆయన పాట ఒకటి వాయించి, అక్కడి నుంచి ఆల్బమ్ కట్టుకుంటూ పోయారు. జాన్సన్ బ్లూస్, మార్విన్ గే సోల్, నొటోరియస్ బీఐజీ ర్యాప్, మూడింటినీ తమ మెటల్‌లో వాయించారు. ఇదంతా ఒకే వంశవృక్షం అని వాయించి చూపించారు.

మరి గెలిచారా? నిజాయితీగా లెక్కేద్దాం. రెండు గ్రామీలు వచ్చినా, రాక్ రేడియో గోడ కూలలేదు. లాస్ ఏంజెలెస్ ఫిష్‌బోన్, బ్రాంక్స్ నుంచి వచ్చిన 24-7 స్పైజ్ లాంటి బ్యాండ్లు ఎంత బాగా వాయించినా ఆ ఎత్తు చూడలేదు. ఒక్కరికి కుర్చీ వేసి, చూశారా మాకు వివక్ష లేదు అని చూపించడం ఏ వ్యవస్థకైనా తేలికే. రెండో కుర్చీ అడిగినప్పుడే దాని రంగు బయటపడుతుంది.

కానీ ఇంకో లెక్క కూడా ఉంది. బ్యాండ్ విడిపోయిన ఐదేళ్ళూ బ్లాక్ రాక్ కొయలిషన్ బతికే ఉంది, ఇప్పటికీ పనిచేస్తోంది. పాట హిట్టవడం కంపెనీ చేతిలో, రేడియో చేతిలో ఉంటుంది. సంఘం మన చేతిలో ఉంటుంది. చెన్నైలో 2018లో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ వేదికెక్కినప్పుడు కూడా వెనక పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం నిలబడింది గుర్తుంది కదా. ఒంటరిగా ప్రతిభ ఉన్నవాడు గుమ్మం దగ్గర ఎవరో ఒకరి హామీ కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

నైజీరియా నుంచి అమెరికా వలస వచ్చిన తల్లిదండ్రులకి పుట్టిన టోసిన్ అబాసి అనే గిటారిస్టు ఉన్నాడు. అతని బ్యాండ్ యానిమల్స్ యాజ్ లీడర్స్. 2009లో మొదటి ఆల్బమ్ వచ్చింది. ఎనిమిది తీగల గిటార్ మీద అతను చేసే పనిని ఈరోజు అందరూ ప్రోగ్రెసివ్ మెటల్ అనే అంటున్నారు. ముందు ఏ మాటా తగిలించకుండా. 'క్రేజీ బ్లూస్' రికార్డయి అప్పటికి 89 ఏళ్ళు. ఇంతకాలం పట్టింది, ఒక గిటార్‌ని గిటార్ అనడానికి.